ముప్ఫయ్యో వరుస

గిరిజ గడప దాటింది. గదిలో ఏడుస్తున్న పదకొండు మంది పసివాళ్లూ ఒక్కసారిగా ఏడుపు ఆపేశారు.

ఒకరి వెనుక ఒకరు సద్దుమణగలేదు. పదకొండు గొంతుల ఏడుపు ఒక్క క్షణంలో తెగిపోయింది. కురుస్తున్న వాన నేలను తాకకుండా నడిమింట నిలిచిపోతే ఎంత భయం పుడుతుందో, ఆ నిశ్శబ్దంలో అంత భయం ఉంది. తల్లుల మాటలు ఆగిపోయాయి. పైన తిరిగే ఫ్యాను చప్పుడు మాత్రం మిగిలింది.

పదకొండు తలలు ఆమె వైపు తిరిగాయి. తరువాత, మెల్లగా, చేతులు లేచాయి.

ఆ పిల్లల్లో ఒక్కరూ గిరిజకు తెలియదు. నిర్మల్ నుంచి భైంసా వెళ్లే దారిలో, నల్లరేగడి సోయా చేల నడుమ ఉన్న ఆ ప్రయోగశాలలో ఆమె పని వెనుక భవనంలో. పాలు పడని పిల్లల కోసం సోయా గింజతో తయారయ్యే పాలపొడిలో ఏ పోషకం ఎంత ఉందో కొలిచి, డబ్బా మీద అచ్చువేసే పట్టికను సిద్ధం చేస్తుంది. ఆ పొడి తాగే పిల్లలను ప్రతి మంగళవారం ముందు భవనంలో తూకం వేస్తారు. అది నర్సు పని. నర్సు సెలవు పెట్టింది గనుక ఆ రోజు గిరిజ వచ్చింది. ఈ పిల్లలు వస్తున్న ఐదు నెలల్లో ఆ గడప దాటడం ఆమెకు అదే మొదలు.

తూకపు బల్ల పక్కన రేఖాబాయి కూర్చుని ఉంది. బీడీలు చుట్టే మనిషి. పొగాకూ తునికాకూ పట్టి ఆమె వేళ్ల కొసలు నల్లబడ్డాయి. ఆమె ఒడిలోని ఐదు నెలల ఓంకార్ తల్లి చేతులను తోసుకుంటూ ముందుకు ఒరిగాడు. పడిపోతాడేమోనని గిరిజ చేతులు చాచింది. పిల్లవాడు ఆమె మెడ వంపులో ముఖం దాచుకున్నాడు. నిట్టూర్చాడు. ఎంతో దూరం నడిచి నడిచి ఇల్లు చేరిన మనిషి నిట్టూర్పు అది.

“ఓంకార్, ఇటు రా నానా” అని రేఖాబాయి చేతులు చాచింది.

పిల్లవాడు తిరిగి చూడలేదు. ఆమె తీసుకోబోతే కెవ్వుమని అరిచి గిరిజ కొంగు పట్టుకున్నాడు.

“మేడం మొకంల ఏమున్నదో గాని, మా పొల్ల గూడ మీ దిక్కే సూస్తున్నది” అని పక్కనున్న తల్లి ఒకామె నవ్వబోయింది. ఆ నవ్వుకు ఎవరి నవ్వూ తోడు రాలేదు. ఆమె కూడా ఆగిపోయింది.

రేఖాబాయి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

“మేడం, ఒక్క మాట అడుగుత, నిజం జెప్పున్రి. నా పోరనికి ఏం మందు వెట్టిన్రు?”

“మందేందమ్మా? మేం ఏ మందూ పెట్టలే.”

“మరి గిదేంది? సీసా తాగుతడు, కడుపు నిండుతది, ఇగ ఎవలో వస్తరన్నట్టు తలుపు దిక్కు సూస్తడు. పొద్దుకు ఆరుసార్లు తాగితే ఆరుసార్లు సూస్తడు. ఎవలో చేతబడి చేసిన్రని మా అత్త అంటే నవ్విన. ఐదు నెలల సంది వాడు తలుపు దిక్కు సూసింది ఎవల కోసమో ఇయ్యాల ఎరికైంది. మీ కోసమే.”

“మా బిడ్డ గూడ అట్లనే తలుపు దిక్కు సూస్తది” అన్నది ఇంకో తల్లి, భయంగా. “మావోడు గూడ” అన్నది మరొకామె.

సీసా ఖాళీ కాగానే తలుపు వైపు చూసే పిల్ల గిరిజకు ఒకతే తెలుసు. ఆ పిల్ల పేరు నేత్ర. లోకంలో ఆ ఒక్క పిల్లే అలా చూడాలి.

*

నేత్ర గిరిజ కూతురు. పది నెలల పిల్ల. పుట్టిన ఐదో రోజున కళ్లు పచ్చబడ్డాయి. ఎనిమిదో రోజున ఒళ్లు వాలిపోయింది. రక్తం పరీక్షించిన డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు. పాలలోని చక్కెరను ఈ పిల్ల శరీరం అరిగించుకోలేదు. ఆవు పాలైనా, గేదె పాలైనా, తల్లి పాలైనా ఈ పిల్లకు విషమే.

తల్లి పాలైనా. ఆ మాట విన్నప్పుడు గిరిజ రవిక తడిసి ఉంది.

“నువ్వు కొలిచిన పొడే ఉన్నది గదా గిరిజా” అన్నాడు భర్త సహదేవ్. “నీ చేతి లెక్క కంటే నమ్మకమైనది ఇంకేమున్నది?”

నిజమే. సోయా పొడిలో పాల చక్కెర లేదు. పసిబిడ్డకు కావలసినవన్నీ ఉన్నాయి. కాని నేత్ర తాగలేదు. పచ్చి గింజ వాసనకు ముఖం తిప్పుకుంది. డ్రాపరుతో చుక్క చుక్కగా వేస్తే సగం మింగింది, సగం ఉమ్మింది. రెండు నెలల పిల్ల పుట్టినప్పటి బరువు దాటలేదు.

అప్పుడు ప్రయోగశాల డైరెక్టరు కాశీనాథ్ గిరిజను పిలిచాడు.

“పిల్ల అడుగుతున్నది నీ పాలను కాదమ్మా” అన్నాడు. “ఆ పాలలో నువ్వున్నావన్న గుర్తును. చక్కెరను వదిలేసి ఆ గుర్తునొక్కదాన్నే గింజలోకి తెద్దాం.”

మూడు గాజు గొట్టాల నిండా ఆమె పాలు తీసుకున్నాడు. వెచ్చని నీటిలో విడిపోతూ తల్లి ఒంటి వాసనను వదిలే మాంసకృత్తి ఒకటి ఆ పాలలో దొరికింది. దాన్ని తయారుచేసే సూత్రాన్ని సోయా గింజలో నాటాడు. ఆకలి తీరే క్షణంలో ఏ వాసన ముక్కుకు తగులుతుందో, ఆ వాసన గల మనిషినే పసిమనసు అమ్మ అనుకుంటుందని అతని నమ్మకం. గాజుగదిలో రాత్రీ పగలూ దీపాలు వెలిగించి నలభై రోజులకే పంట తీశారు. పన్నెండు మొక్కలు. ఆ మాంసకృత్తికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘గురుతు’.

గురుతు కలిసిన మొదటి సీసాను సహదేవ్ పట్టుకున్నాడు. నేత్ర వాసన చూసింది. ఏడుపు ఆపింది. చివరి చుక్క దాకా తాగి, తల తిప్పి, గది అవతలి మూల నిలుచున్న తల్లిని వెతికి పట్టుకుని నవ్వింది. పుట్టాక అదే మొదటి నవ్వు.

ఆ పన్నెండు మొక్కల గింజలు నేత్రకు మాత్రమే. వేరే సంచి, సంచికి ఎర్ర దారం, వేరే అర. ఇంకో గింజతో కలవకూడదని కాశీనాథ్ తన చేత్తో రాసిన కాగితం గోడ మీద ఇప్పటికీ ఉంది.

*

తల్లులను పంపించి గిరిజ తన గదికి పరుగెత్తింది. ఆ పిల్లలు తాగే పొడి డబ్బా ఒకటి తెరిచి, ముందు తనకు అలవాటైన దారిలోనే వెతికింది.

వంద గ్రాముల పొడిలో పద్నాలుగు గ్రాముల మాంసకృత్తులు. ఇరవై ఏడు గ్రాముల కొవ్వు. యాభై రెండు గ్రాముల పిండిపదార్థం. సోయాలో కొరవడినందున విడిగా కలిపిన మిథియోనిన్, కార్నిటిన్. గింజలోని ఫైటేట్ పట్టి ఉంచుకోగా పిల్లకు సరిపడా మిగలాలని కాస్త మిక్కిలిగా వేసిన ఇనుము, జింకు, కాల్షియం. అయోడిన్. విటమిన్లు. ఇరవై తొమ్మిది వరుసలు. పట్టికలో ఉన్నది పొడిలో ఉంది.

పట్టికలో లేనిది ఏమైనా పొడిలో ఉందా అని ఐదు నెలలుగా ఎవరూ వెతకలేదు. వెతకవలసిన మనిషి తనే.

ముప్ఫయ్యో పరీక్ష పెట్టింది. గురుతు పరీక్ష. గీత తెర మీద నేల బారుగా సాగింది, సాగింది. ఒక చోట పైకి లేచింది. నిటారుగా, సన్నగా, వేలు ఎత్తి చూపినట్టు లేచింది.

మళ్లీ చేసింది. మళ్లీ లేచింది. ఇంకో డబ్బా తెరిచి చేసింది. అక్కడా లేచింది.

వంద గ్రాములకు సున్నా దశాంశం సున్నా రెండు మిల్లీగ్రాములు. చీమ కన్నీటి కంటే తక్కువ. వాసనకు అంతే చాలు.

ఏ ఇంటి పొయ్యి మీదనో నీళ్లు కాగుతాయి. ఏ తల్లో చెంచాతో పొడి కొలిచి కలుపుతుంది, ఒడిలో పడుకోబెట్టుకుని తాగిస్తుంది. ఆ బిడ్డ ముక్కుకు మాత్రం గిరిజ తగులుతుంది. పొద్దుకు ఆరుసార్లు. ఐదు నెలలు. పదకొండు ఇళ్లలో తల్లులు సీసా పట్టే చేతులుగా మిగిలారు.

ఆ గింజ ఈ పొడిలోకి ఎలా వచ్చిందో అడగడానికి గిరిజ విత్తనాల గదికి బయలుదేరింది.

*

విత్తనాల గదిలో రాజవ్వ సంచుల మధ్య కూర్చుని గింజలు ఏరుతోంది. ఇరవై ఏళ్లుగా ఆ గది ఆమె చేతుల మీదే నడుస్తోంది. ఆమె చెరిగిన గింజకు యంత్రం కూడా వంక పెట్టదు.

“రాజవ్వా, నేత్ర గింజలు కొలిచిన రోజు యాదికున్నదా?”

“ఎందుకు లేదు బిడ్డా? ఎర్ర దారం సంచి. మానెడు గూడ కాలే. గిన్ని గింజల కోసం గంత పెద్ద గాజుగది గావాల్నా అని నవ్వుకున్న.”

“ఆ గింజలు ఇంకెక్కడన్న కలిసినయా?”

“కలుస్తయా!” రాజవ్వకు కోపం వచ్చింది. “నా నెత్తి వెంట్రుకలు గీ గదిల్నే నెరిసినయి. ఒక్క గింజ జారనిస్తనా? కొసరు తప్ప ఒక్క గింజ బయటికి పోలే.”

“కొసరా?”

“అవ్, కొసరు. ఒక రాశి కొలిచి ఎత్తేటప్పుడు పక్క రాశిల పిడికెడు ఎయ్యాలె గదా. మా అవ్వ ఏసింది, మా అవ్వను కన్నామె ఏసింది. ఎయ్యకుంట ఎత్తుకపోతే పక్క రాశి చిన్నబోతది. మీ సార్లు గోడకు ఎన్ని కాగితాలు అతికిచ్చుకున్నా రాశి కాడ పద్ధతి రాశి కాడనే ఉంటది.”

“పక్క రాశి... ఏ రాశి?”

“పెద్ద రాశి. పాలు పడని పిల్లల కోసం ఎత్తిపెట్టిన విత్తనం.”

“పిడికెడు ఏసినవా?”

రాజవ్వ కొంచెం సిగ్గుపడింది. “ఆనాడు రెండు పిడికిళ్లు ఏసిన. తల్లి పాల గింజ గదా. నలుగురు పిల్లలకు అందితే ఆ పుణ్యం నీ బిడ్డకు తాకుతదనుకున్న. పాపం, అప్పటికి నీ బిడ్డ గుప్పెడంత ఉండె.”

పెద్ద రాశిలో పడ్డ రెండు పిడికిళ్లు గాజుగదిలో మొలిచాయి. పూసి, కాసి, పొడి అయి, డబ్బాల్లోకి చేరాయి. గోడ మీద కాగితం గోడ మీదే ఉంది. దానికీ రాశికీ మధ్య ఒక ముసలి చేయి, దయతో, రెండుసార్లు మూసుకుని తెరుచుకుంది.

“ఏమైంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్? పిల్లలకు ఏమన్న అయిందా?”

“ఏం కాలే రాజవ్వా. అందరు మంచిగున్నరు. అందరు నన్నే అమ్మ అనుకుంటున్నరు.”

రాజవ్వ పకపకా నవ్వింది. గిరిజ ముఖం చూసింది. నవ్వు సగంలో ఆగి, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆ తరువాత తన కుడి చేతిని, ఎవరిదో అన్నట్టు, ముందుకు పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

*

ఇంటికి వెళ్లేసరికి సహదేవ్ నేత్రకు సీసా కలుపుతున్నాడు. చెంచా నిండా పొడి తీసి, పైన మిగిలినదాన్ని చాకు వీపుతో చదును చేసి గీస్తున్నాడు. గిరిజ నేర్పిన పద్ధతే అది.

“జల్ది రా. తాగంగనే నిన్ను వెతుకుతది నీ బిడ్డ” అన్నాడు.

ఆ మాటకు ఇన్నాళ్లూ గిరిజ మురిసిపోయేది. ఆ సాయంత్రం మురవలేదు. గబగబా స్నానం చేసింది, తల రుద్దుకుంది. ఎప్పుడూ కట్టని కొత్త చీర, గంజి మడత విప్పి కట్టుకుంది. సీసా ఖాళీ అయ్యే వేళకు వచ్చి నేత్ర ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

నేత్ర తాగడం ముగించింది. తల్లి ముఖం చూసింది. తెలిసిన ముఖమే అన్నట్టు కళ్లు ఒక్క క్షణం నిలిచాయి. ముక్కు కొద్దిగా కదిలింది.

తరువాత పిల్ల తల తిప్పి తలుపు వైపు చూసింది.

“గిదేంది? ఎదురుంగ నువ్వే ఉంటివి గదా” అన్నాడు సహదేవ్, అర్థంగాక.

గిరిజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుట్టాక నవ్విన మొదటి నవ్వు గుర్తుకొచ్చింది. నన్ను చూసి నవ్విందా, నా వాసనకు నవ్విందా? కొలమానాలతో బతికిన మనిషికి అది కొలిచే దారి దొరకలేదు.

*

మరునాడు ఉదయం కాశీనాథ్ బల్ల మీద గిరిజ పరీక్ష కాగితాలు పరిచింది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కంగారు పడతాడనుకుంది. ఆయన కళ్లు మెరిశాయి.

“పిల్లల బరువులు చూశావా గిరిజా? పదకొండు మందిలో ఒక్కరూ తగ్గలేదు. ఒక్క సీసా మిగలలేదు. సోయా పొడిని పిల్లలు ఇంత ఇష్టంగా తాగడం నేనెన్నడూ చూడలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.”

“తల్లులకు చెప్పాలె సార్. డబ్బా మీద రాయాలె.”

“ఏమని రాస్తావమ్మా? ‘గిరిజ, సున్నా దశాంశం సున్నా రెండు మిల్లీగ్రాములు’ అని రాస్తావా?”

“అవును సార్. అట్లనే రాస్త.”

ఆయన నవ్వు వాడిపోయింది. కుర్చీలో ముందుకు వంగాడు.

“ఆలోచించి మాట్లాడు. ఆ వరుస రాసిన రోజున ఈ గాజుగదికి తాళం పడుతుంది. తాళం పడితే నీ కూతురు ఏం తాగుతుంది? డ్రాపరు రోజులు మరిచిపోయావా?”

మరిచిపోలేదు. ఎముకకు అంటుకున్న చర్మం, ఏడవడానికి కూడా ఓపిక లేని గొంతు, వేటినీ మరిచిపోలేదు. గిరిజ కిటికీలోంచి గాజుగది వైపు చూసింది. పచ్చగా, ఏమీ ఎరగనట్టు, మొక్కలు వరుసలు తీరి ఉన్నాయి.

“నా బిడ్డ కడుపు నింపుకొని పదకొండు మంది తల్లులను తలుపు అవతల నిలబెట్టలేను సార్.”

ఒక్కసారిగా ఆపితే పదకొండు మంది పిల్లలూ మామూలు సోయా పొడిని ఉమ్మేస్తారు. అందుకు ఆమె దగ్గర లెక్క ఉంది. వారానికి కొంత చొప్పున గురుతు ఉన్న పొడిని తగ్గిస్తూ లేని పొడిని కలపాలి. పది వారాలకు గురుతు పూర్తిగా పోతుంది. ఈలోగా పిల్లలు వెతికే వాసన వాళ్ల తల్లుల ఒంటి మీద ఉండాలి. రోజు రోజుకూ తల్లి సొంత వాసన దానితో కలిసి, చివరికి అదే మిగలాలి.

“నీ వాసనను వాళ్లకెట్లా ఇస్తావు?”

“నా పాత చీరలున్నయి సార్.”

“నేత్ర సంగతి?”

“నేత్రకూ అదే లెక్క.”

కాశీనాథ్ కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. కొత్త పట్టిక కింద సంతకం చేసేటప్పుడు ఆయన చేతి రాత గోడ మీది కాగితంలోని చేతి రాతలా లేదు.

*

శుక్రవారం తల్లులందరినీ పిలిపించారు. గిరిజ గడప అవతలే నిలబడి, ఏదీ దాచకుండా, అంతా చెప్పింది. రాజవ్వ పేరు మాత్రం చెప్పలేదు. వెనుక నుంచి రాజవ్వే అరిచింది: “నా చెయ్యే తల్లీ! ఈ పాపిష్టి చెయ్యే కలిపింది!”

చెప్పింది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఒకామె బిడ్డను గుండెకు అదుముకుంది. ఇంకొకామె ఒడిలోని బిడ్డను దూరంగా పట్టుకుని, ఎవరి బిడ్డో అన్నట్టు ముఖంలోకి చూసింది.

ముందు రాత్రే రాజవ్వతో కలిసి గిరిజ తన చీరలు చింపి పెట్టింది. నెలల తరబడి కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు. పురుడు వచ్చిన ఇంట్లో పొత్తిగుడ్డలు చింపినట్టే, పదకొండు ముక్కలు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అందించింది గిరిజ.

రేఖాబాయి గుడ్డ తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“నవమాసాలు మోసింది నేను. ఆకులు కత్తిరిచ్చుకుంట నొప్పులు వడ్డది నేను. నా పొల్లగానికి తల్లిని గావాల్నంటే పరాయిదాని వాసన పూసుకోవాల్నా మేడం?”

రేఖాబాయి గుడ్డను నేల మీద పడేసి, కొడుకును ఎత్తుకుని వెళ్లిపోయింది. తల్లి భుజం మీంచి ఓంకార్ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. మలుపు తిరిగే దాకా చేతులు చాచే ఉన్నాడు.

*

మంగళవారం.

నేత్రకు కూడా తూకం వేయాలి. ఇన్నాళ్లూ వెనుక భవనంలో గిరిజే వేసేది. ఇప్పుడు నేత్ర పన్నెండో బిడ్డ, అందరితో పాటే. ఇంట్లో పాత చీరలు మిగలలేదు గనుక గిరిజ గంజి వాసన వేసే కొత్త చీర కట్టి, పైన తెల్ల కోటు తొడుక్కుంది.

గదిలో రేఖాబాయి ఉంది. ఆమె ఎడమ భుజం మీద, రవికకు పిన్నీసు పెట్టి, గిరిజ చీర ముక్క. శుక్రవారం సాయంత్రమే రాజవ్వ ఆ గుడ్డను ఆమె ఇంటికి తీసుకెళ్లిందని తరువాత తెలిసింది. ఓంకార్ ఆ గుడ్డలో ముక్కు దూర్చి, తల్లి మెడ చుట్టూ చేయి వేసి ఉన్నాడు. రేఖాబాయి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ముఖంలో మాత్రం వెలుగు ఉంది.

“వారం కాకముందే గిట్ల గట్టిగ పట్టుకున్నడు” అని ఆమె పక్కామెతో అంటోంది. “నా పొగాకు వాసన, మేడం వాసన కలిసి ఏం కంపు గొడుతున్ననో వానికే ఎరిక.”

గది అంతటా అదే దృశ్యం. పదకొండు భుజాల మీద పదకొండు ముక్కలు. తూకం వేసేటప్పుడు ఆ గుడ్డలు తీసి ఉంచడానికి మూత ఉన్న స్టీలు డబ్బాతో రాజవ్వ గోడవారగా నిలుచుంది. పిల్లలెవరూ గిరిజ వైపు తిరగలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది. నేత్రను తూకానికి సిద్ధం చేయడానికి చాప మీద దించి, కాగితాలు తీయడానికి గుమ్మం దగ్గరి బల్ల వైపు నడిచింది.

వెనుక సన్నని ఏడుపు వినిపించి తిరిగింది.

నేత్ర చాప నడుమ కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతోంది. ఎటు చూసినా అమ్మ వాసన. ఒకరి వైపు పాకింది. అక్కడ ఇంకో బిడ్డ ఉంది. ఆగి, ఇంకొకరి వైపు పాకింది. అక్కడా ఇంకో బిడ్డ. మూడో మనిషి కుచ్చెళ్లు పట్టుకుని లేవబోయి, ముఖం చూసి, వదిలేసింది. గదిలో పదకొండు మంది అమ్మలున్నారు. తన అమ్మ లేదు. గంజి చీరతో, తెల్ల కోటుతో నిలుచున్న మనిషి మీద పిల్ల చూపు ఒకసారి వాలి, జారి, తలుపు వైపు వెళ్లిపోయింది.

గిరిజ కదలలేకపోయింది. తన ఒంటి మీది చివరి గుర్తును కూడా తన చేతులతోనే చింపి పంచింది.

నేత్ర ఏడుపు పెద్దదైంది.

రేఖాబాయి ఆ పిల్లను చూసింది. గుమ్మం దగ్గరి గిరిజను చూసింది. మళ్లీ పిల్లను చూసింది. తరువాత, ఏమీ అనకుండా, భుజం మీది పిన్నీసు విప్పింది. గుడ్డను మడిచి, రాజవ్వ చేతిలోని స్టీలు డబ్బాలో వేసింది.

ఓంకార్ ఉలిక్కిపడ్డాడు. ముక్కుతో తల్లి భుజాన్ని వెతికాడు. కెవ్వుమన్నాడు.

“నువ్వు గూడ తియ్యి” అన్నది రేఖాబాయి పక్కామెతో. “ఆ పొల్లకు దారి దొరకాలె.”

పక్కామె తీసింది. ఆ పక్కామె తీసింది. ఒక్కొక్క పిన్నీసే వీడింది, ఒక్కొక్క గుడ్డే డబ్బాలో పడింది, ఒక్కొక్క గొంతే లేచింది. పదకొండో గుడ్డ పడ్డాక రాజవ్వ తన కుడి చేత్తో డబ్బా మూత గట్టిగా నొక్కింది. గది మొత్తం ఏడుపుతో నిండిపోయింది. కిటికీ అద్దాలు కూడా ఆ ఏడుపుకు అదిరినట్టు అనిపించింది.

ఆ హోరు నడుమ నేత్ర ఒక్కతే నిశ్శబ్దమైంది. ముక్కు కొద్దిగా కదిలింది. గంజి వెనుక, కోటు వెనుక, చెమట పట్టిన మెడ వంపులో, చీమ కన్నీటి కంటే సన్నగా, ఏదో ఒకటి ఇంకా మిగిలి ఉంది. పిల్ల చేతులు చాప మీద ఆనించి గుమ్మం వైపు పాకడం మొదలుపెట్టింది.

పాకుతూ వచ్చి గిరిజ పాదం పట్టుకుంది.

గిరిజ కిందికి చూసింది. తల ఎత్తి ఎదుట చూసింది. పదకొండు మంది తల్లులు, గుక్కపెట్టి ఏడ్చే బిడ్డలను ఒట్టి భుజాల మీద పట్టుకుని ఊపుతూ, ఆమెనే చూస్తున్నారు.

“సూసుకుంట నిలవడ్డవేంది అక్కా!” ఏడుపుల మీంచి రేఖాబాయి కేక వేసింది. “జల్ది ఎత్తుకో. మావోళ్లు ఎక్కువసేపు ఆగరు.”